వంటింటి మందే కదా అని ఆకుల మీద చల్లేముందు

మొక్కలు పెంచేవాళ్ల ఫోన్లలో ఒక సందేశం తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: ఆకులు తినే పురుగులకు కొన్న మందులు అక్కర్లేదు, అవన్నీ విషమే. వెల్లుల్లి, ఉల్లి, మిరపకాయలు నూరి వడకట్టి చల్లినా, పాత్రలు తోమే సబ్బు నీళ్లు చల్లినా అన్ని పురుగులూ పరార్. మొదళ్ల చుట్టూ కాఫీ పిప్పి, గుడ్డు పెంకులు వేస్తే నత్తలు రావు. అయినా మొండికేస్తే పొగాకు నీళ్లు, సుగంధ తైలాలు, కలరా ఉండలు ఉండనే ఉన్నాయి. అన్నీ ఇంట్లోవే కాబట్టి కుక్క, పిల్లి తిరుగుతున్నా భయం లేదు, నాకినా కాసిని పాలు పట్టిస్తే సరి.

పంపేవాళ్ల ఉద్దేశం మంచిదే. అందులో నిలబడే మాటలు మాత్రం చాలా తక్కువ.

“ఒకే కషాయం, అన్ని పురుగులూ పరార్”

తప్పంతా ఇక్కడే మొదలైంది. ఆకును ఎవరు తింటున్నారో చూడకుండానే మందు చెప్పేశారు. ఆకు పాడైన తీరు చూస్తే చాలావరకు దొంగ దొరికిపోతాడు.

అంచుల నుంచి అడ్డదిడ్డంగా కొరికేసి, కింది ఆకుల మీద ఆవాల్లాంటి లద్దె రాలి ఉంటే గొంగళి పురుగు. పగలు ఆకు అడుగునో, మట్టిలోనో దాక్కుంటుంది. చీకటి పడ్డాక టార్చి వేసి చూస్తే కనబడుతుంది. కొరికిన చోటే ఎండి మెరిసే జిగురు చార ఉంటే అది నత్త పని. సూదితో పొడిచినట్టు సన్నని చిల్లులుండి, ముట్టుకోగానే చిన్న చిన్న నల్ల పురుగులు గెంతితే అవి ఒక రకం పెంకు పురుగులు. ఈనెలు వదిలేసి పచ్చదనమంతా గీకేసి ఆకును జల్లెడ చేస్తే అక్షింతల పురుగు. దీనితో కాస్త జాగ్రత్త. ఆకులు తినేది మెరుపు లేకుండా సన్నని నూగుతో ఉంటుంది. దాదాపు అలాగే ఉండి నున్నగా మెరిసేది పేనుబంకను తిని మనకు మేలు చేసేది. చుక్కలు చూసి రెంటినీ నలిపేసేవాళ్లే ఎక్కువ.

ఆకు మీద తెల్లటి వంకర గీతలు కనిపిస్తే పాముపొడ. పురుగు ఆకు పొరల మధ్యలో ఉంటుంది, పైన చల్లిన కషాయం దాని దాకా చేరదు. ఆ ఆకు తుంచేయడమే మందు. అంచున కత్తెరతో కోసినట్టు నున్నటి అర్ధచంద్రాలుంటే గూడు కట్టుకోవడానికి ఒక జాతి తేనెటీగ ముక్క పట్టుకుపోయిందన్నమాట. దాని జోలికి పోవద్దు. ఆకు ముడుచుకుని జిగటగా ఉంటే అసలు కొరికే పురుగే కాదు, పేనుబంకో తెల్లదోమో రసం పీలుస్తోంది.

ఇన్నిటికీ ఒకే మందు అంటే, జ్వరానికీ విరిగిన కాలికీ ఒకే మాత్ర ఇచ్చినట్టు. అదే సందేశంలో ఉన్న పాత్రలు తోమే సబ్బు నీళ్ల సంగతీ ఇంతే. పురుగుల కోసం చేసే సబ్బు మెత్తని శరీరమున్న పేనుబంక లాంటివాటికి, అదీ నేరుగా తగిలితేనే, పనిచేస్తుంది. ఎదిగిన గొంగళికి, పెంకు పురుగుకు దానివల్ల పెద్దగా ఏమీ కాదు. గిన్నెల సబ్బు ఘాటెక్కువైతే ఆకు మీది మైనపు పూతే కరిగి ఆకు మాడుతుంది.

“వెల్లుల్లి, ఉల్లి మనం తినేవే, జంతువులకేం కాదు”

మనం తినగలగడం పిల్లికి హామీ కాదు. ఉల్లి జాతి మొక్కల్లోని గంధక పదార్థాలు కుక్కల్లో, పిల్లుల్లో ఎర్ర రక్తకణాలను దెబ్బతీసి రక్తహీనత తెస్తాయి. పిల్లికి కిలో బరువుకు 5 గ్రాముల ఉల్లి, కుక్కకు 15 నుంచి 30 గ్రాములు చాలు రక్తంలో తేడా కనిపించడానికి. అంటే నాలుగు కిలోల పిల్లికి 20 గ్రాములు, ఒక చిన్న ఉల్లిపాయలో సగం కూడా కాదు. వెల్లుల్లి అంతకన్నా ఘాటు.

వడకట్టి నీళ్లు కలిపిన కషాయాన్ని ఆకు మీద ఒకసారి నాకితే ప్రాణం మీదికి రాకపోవచ్చు, నిజమే. నా భయం మిగిలిన పిప్పి గురించి. దాన్ని మొక్క మొదట్లో పారబోస్తారు, లేదా గిన్నెతో సహా పెరట్లో వదిలేస్తారు. కుక్క ముక్కు ముందు వెళ్లేది అక్కడికే. కొద్దికొద్దిగా రోజూ లోపలికి పోయినా హాని పేరుకుంటుంది. ఇక మిరప ఘాటు కళ్లలో, ముక్కులో పడి ఆ మూగజీవి పడే బాధ వేరే.

“సుగంధ తైలాలు వాసనకే కదా”

పిల్లి ఒళ్లు శుభ్రం చేసుకునేది నాలుకతో. తడి ఆకులను రాసుకుంటూ వెళ్లాక ఒంటికి అంటిందంతా కడుపులోకే. పైగా కొన్ని తైలాల్లో ఉండే ఫినాల్ జాతి పదార్థాలను విరిచి బయటికి పంపే ఒక ముఖ్యమైన ఎంజైము జన్యువు పిల్లుల్లో పనిచేయదు. కుక్క కాలేయం తేలిగ్గా వదిలించుకునేది పిల్లి ఒంట్లో చాలాసేపు ఉండిపోతుంది. టీ ట్రీ నూనె కొద్దిగా పడినా తూలడం, వణకడం కనిపిస్తాయి. కుక్కలకూ అది మంచిది కాదు.

“పొగాకు నీళ్లు, కలరా ఉండలు”

రెండూ వద్దు. నికోటిన్ సహజమైనదే, విషం కూడా. మింగిన గంటలోపే చొంగ, వాంతులు, వణుకు మొదలవుతాయి. పైగా పొగాకులో ఉండే మొజాయిక్ వైరస్ టమాటా, మిరప మొక్కలకు అంటుకోగలదు, పురుగు కోసం పోయి తెగులు తెచ్చుకున్నట్టు. కలరా ఉండల్లో ఉండేది నాఫ్తలీన్, లేదా పారాడైక్లోరోబెంజీన్. ఆరుబయట గాలికి వాసన పోతుంది, ఉండ మాత్రం కుక్కపిల్ల నోటికి అందేంత దూరంలో ఉంటుంది.

“కాఫీ పిప్పి, గుడ్డు పెంకులు వేస్తే నత్త రాదు”

పెంకులు ప్రమాదం కాదు, ప్రయోజనమూ లేదు. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2018లో గుడ్డు పెంకులు, రాగి పట్టీ, గులకలాంటి అడ్డాలను పరీక్షించి చూస్తే, అవి ఉన్న మొక్కలకూ లేని మొక్కలకూ తేడా కనబడలేదు. కాఫీ కథకు మూలం 2002లో హవాయిలో జరిగిన పరిశోధన. నత్తలను చంపింది 1, 2 శాతం కెఫీన్ ద్రావణం. మనం తాగే కాఫీలో అందులో పదో వంతు కూడా ఉండదు, పిప్పిలో మిగిలేది ఇంకా తక్కువ. నత్తకు చాలని ఆ కెఫీన్, పిప్పి గుప్పెడు గుప్పెడు మింగే చిన్న కుక్క గుండెను పరుగెత్తించడానికి చాలవచ్చు.

“కొన్న మందులన్నీ విషమే”

కొన్ని నిజంగానే విషం. నత్తలకు వేసే మెటాల్డిహైడ్ గుళికలు తిని కుక్కలు మూర్ఛలతో చనిపోతాయి. బ్రిటన్‌లో 2022 నుంచి వాటిని ఆరుబయట వాడకూడదు. అదే నత్తకు ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు చాలా మేలు, అయితే డబ్బా మొత్తం కుక్క తినేస్తే ఇనుము ఎక్కువై జబ్బు చేస్తుంది, కాబట్టి పలచగా చల్లి డబ్బా పైన పెట్టాలి.

గొంగళి పురుగుకు నేను ముందు చెప్పేది బీటీ, అంటే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియాతో చేసిన మందు. 1901లో జపాన్‌లో ఇషివాతా అనే శాస్త్రవేత్త ఈ బ్యాక్టీరియాను చచ్చిపోతున్న పట్టుపురుగుల్లో కనిపెట్టారు. ఇందులోని ప్రొటీన్ గొంగళి పేగులోని క్షారంలో కరిగి ఆ పేగు గోడను చీలుస్తుంది. కుక్కలకూ పిల్లులకూ కడుపులో ఉండేది ఆమ్లం, ఆ ప్రొటీన్ అంటుకునే చోటూ వాటి పేగుల్లో ఉండదు. తిన్న కొన్ని గంటల్లో పురుగు మేత మానేస్తుంది, చావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఎండకు త్వరగా చెడుతుంది కాబట్టి సాయంత్రం, పురుగులు చిన్నగా ఉన్నప్పుడే, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. నత్తకూ పెంకు పురుగుకూ ఈ రకం బీటీ పనిచేయదు. వేపనూనె పురుగుకు మేత రుచించకుండా చేస్తుంది, ఎదుగుదలను ఆపుతుంది. దాన్ని కొడితే ఆకులు ఆరేదాకా పిల్లిని లోపలే ఉంచండి.

నాలుగు కుండీలే ఉంటే ఇవేవీ వద్దు. చేతికి గ్లవుజు వేసుకుని ఏరి సబ్బు నీళ్ల డబ్బాలో వేయండి, సన్నని వల కప్పండి. ఏరడంలో కుక్కకూ లాభముంది: కొన్ని నత్తలు ఊపిరితిత్తుల పురుగును మోస్తాయి, కొన్ని వెంట్రుకల గొంగళ్లను నోట కరిస్తే కుక్క నాలుక వాచిపోతుంది.

“నాకినా పాలు పట్టిస్తే సరి”

పాలు దేనికీ విరుగుడు కాదు. ఉప్పు నీళ్లు తాగించి కక్కించడం మరీ ప్రమాదం, ఒంట్లో ఉప్పు పెరిగి ప్రాణం మీదికొస్తుంది. ఒంటికి అంటితే గోరువెచ్చని నీళ్లతో కడగండి, నాకనివ్వకండి. ఏం చల్లారో, ఎంత, ఎప్పుడో చెప్పి, సీసా ఉంటే దానితోనే పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. ఉల్లి, వెల్లుల్లి తిన్నట్టు అనుమానముంటే ఆ పూట హుషారుగా ఉందని ఆగొద్దు. చిగుళ్లు పాలిపోవడం, నీరసం, మూత్రం ముదురు రంగుకు మారడం కొన్ని రోజుల తరవాత గానీ బయటపడవు.