లిస్బన్ మనకెంత బాకీ?

రెంటచింతల ఎండల్లో పెరిగిన మనిషి ఎండ కోసం డబ్బు ఖర్చు పెట్టాడంటే అతని చదువు మీద ఎవరికైనా అనుమానం వస్తుంది. నాకూ వచ్చింది. కానీ నేను చదువుకుంటున్న జర్మనీలో నవంబరులో సెలవు పెట్టిన సూర్యుడు మార్చి దాకా ఆ సెలవు పొడిగించుకుంటూనే ఉంటాడు. డాక్టరు విటమిన్ డి మాత్రలు రాశాడు. మాత్రల ఖర్చూ, పోర్చుగల్ రాజధాని లిస్బన్‌కు చౌక విమానం టికెట్టూ పక్కపక్కన పెట్టి లెక్క వేశాను. లెక్క కుదరలేదు. టికెట్ కొనేశాను.

వీడియో కాల్‌లో చెబితే అమ్మ, "ఎండ చూడ్డానికి పోతున్నావా? ఇక్కడికే రారా నాన్నా, మేడ మీద కూర్చోబెడతా" అంది. ఆవిడ వాదనలో లోపమేమీ లేదు, ఇండియా టికెట్ ధర తప్ప.

ముందు నా ఆర్థిక పరిస్థితి మీద ఒక శ్వేతపత్రం. జర్మనీ స్టూడెంట్ వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వేసి చూపించాలి. ఆ తర్వాత నెలకు 992 చొప్పున మన డబ్బే మనకు జీతంలా వస్తుంది. ఇచ్చేవాళ్ళ ముఖంలో ఔదార్యం కూడా ఉంటుంది. అద్దె, ఇన్సూరెన్సు పోగా మిగిలిన దాన్ని బడ్జెట్ అనడం ఒక మర్యాద. అందులోంచి నాలుగు రోజులకు 120 యూరోలు కేటాయించాను. యూరోని నూరు పెట్టి గుణించే అలవాటు మానుకుంటేనే ఇక్కడ బతకగలవని సీనియర్లు చెబుతారు. చెబుతూ వాళ్ళూ లోపల గుణిస్తూనే ఉంటారు.

లిస్బన్ ఏడు కొండల మీద కట్టిన ఊరంటారు. ఏడుకొండలనగానే మనకు భక్తి పుట్టడం సహజం, నాకూ పుట్టింది. తీరా చూస్తే ఆ ఊళ్ళో ఫ్రీగా దొరికే అందాలన్నీ కొండల మీదే ఉన్నాయి. సెన్యోరా దో మోంతె అనే చోటు నుంచి ఎర్ర పెంకుల ఇళ్ళు, కోట, తేజో నది అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. టికెట్ లేదు. మోకాళ్ళు తీసుకుని వదిలేస్తారు. దారంతా నున్నగా అరిగిన తెల్లరాళ్ళు, సబ్బు రాసినట్టు జారతాయి. అలిపిరి మెట్లు ఎక్కినవాడికి ఇదొక లెక్కా అనుకున్నాను గానీ, అక్కడ పైకి వెళితే కనీసం ఒక లడ్డూ చేతిలో పెడతారు.

ఇక 28 నంబరు ట్రామ్. 1930ల నాటి పసుప్పచ్చ బండి, సందుల్లో గోడలు రాసుకుంటూ పోతుంది. బండిలో టికెట్ కొంటే మూడు యూరోల పైనే. అంటే మూడొందలు. ఆ డబ్బుకి నేను పల్లెవెలుగులో మాచర్ల నుంచి గుంటూరు దాకా పోతాను, కిటికీ పక్కన కూర్చుని. అందుకని ట్రామ్ ఎక్కలేదు. ట్రామ్ వెనక నడిచాను. అల్ఫామా అనే పాత పేట సందుల్లో దాని వేగం నా వేగం ఒకటే. పైగా లోపల నిలబడ్డ వాళ్ళకు పక్కవాడి చంక తప్ప ఏమీ కనబడదు. నాకు ట్రామ్ కూడా కనబడింది. లోపల జేబుదొంగలుంటారని అందరూ హెచ్చరిస్తారు. నా జేబు కొట్టినవాడికి కలిగే మనస్తాపం తలుచుకున్నా ఎక్కకపోవడమే మానవత్వం.

1755 నవంబరు 1న వచ్చిన భూకంపంలో ఇక్కడి కార్మో చర్చి పైకప్పు కూలిపోయింది. దాన్ని అలాగే ఉంచి, లోపలికి టికెట్ పెట్టారు. మా వైపు కప్పు లేని స్కూలు గదులు చాలానే ఉన్నాయి. వాటికి టికెట్ పెట్టొచ్చన్న ఆలోచన ఇన్నేళ్ళలో ఒక్క నాయకుడికీ రాలేదు.

భోజనం సంగతికొస్తే, ఒక పూట హోటల్లో తినాలని తీర్మానించాను. కూర్చోగానే అడక్కుండా బ్రెడ్డు, ఆలివ్ కాయలు, చిన్న చీజ్ ముక్క తెచ్చి పెట్టారు. పెళ్ళి పంక్తిలో వద్దన్నా వడ్డించే చేతుల మధ్య పెరిగినవాణ్ణి, కళ్ళు చెమర్చాయి. బిల్లు వచ్చాక మళ్ళీ చెమర్చాయి. దాన్ని కువేర్ అంటారట. ముట్టుకోకపోతే డబ్బులు తీసుకోకూడదని అక్కడి చట్టం. నేను ముట్టుకోవడమేమిటి, ఆలివ్ గింజలు కూడా చప్పరించాను. మిగతా పూటలన్నీ హాస్టల్ వంటగదిలో పులిహోర పేస్టుతోనే.

ఈ అవమానం తర్వాతే నాకు చరిత్ర గుర్తొచ్చింది. డబ్బున్నవాడికి చరిత్రతో పనేముంది?

లిస్బన్‌లోనే బెలెం అనే పేటలో జెరోనిమస్ మఠం ఉంది. తెల్లరాయిని జంతికల్లా మెలితిప్పి చెక్కిన కట్టడం. దానికి డబ్బు ఎక్కడిదంటే, మన వైపు నుంచి పోయిన మిరియాలు, మసాలా దినుసుల వ్యాపారం మీద వేసిన పన్ను. 1498లో కాలికట్ చేరిన వాస్కో డ గామా సమాధి ఆ చర్చిలోనే ఉంది. చర్చి ఫ్రీ, పక్కనున్న మఠం చావడికి మాత్రం టికెట్. మన మిరియాలతో కట్టి మనకే టికెట్టా అని అక్కడే ఆవేశపడ్డాను. "మిరియాలు మలబారువి, మీవి కాదు" అని వెంట వచ్చిన మలయాళీ రూమ్మేట్ అభ్యంతరం చెప్పాడు. బాకీ వసూలు దగ్గర దక్షిణ భారతమంతా ఒక్కటేనని సర్దిచెప్పాను.

న్యాయంగా మాట్లాడాలి కాబట్టి వాళ్ళ జమ కూడా రాయాలి. అమెరికా ఖండం నుంచి మిరపకాయను మన దేశానికి తెచ్చింది పోర్చుగీసువాళ్ళే. అంటే గుంటూరు మిర్చి యార్డు, గోంగూరలోకి నంజుకునే ఎండుమిరపకాయ, మన కోపతాపాలు అన్నీ వాళ్ళ పద్దులోకే పోతాయి. ఈ ఒక్క పద్దుతో మన వాదన సగం కూలిపోయే ప్రమాదముంది కనుక పైకి అనకపోవడం మంచిది.

మఠం నుంచి నాలుగడుగులు వేస్తే 1837 నుంచి గుడ్డు సొన తీపి అమ్ముతున్న దుకాణం. మఠాల్లో సన్యాసినుల బట్టలకు గంజిలాగా తెల్లసొన పెట్టేవారనీ, మిగిలిన పచ్చసొనతో ఈ తీపి పుట్టిందనీ ఒక కథ చెబుతారు. నమ్మబుద్ధయింది. మనకు "ఇస్త్రీ" అనే మాట ఇచ్చింది కూడా ఆ జాతే కదా. మేస్త్రి, అలమర, బాల్చీ కూడా అక్కణ్ణుంచి వచ్చినవే. ఒకటి కొని నాలుగు భాగాలు చేసి రెండు పూటలు తిన్నాను. వేడిగా ఉన్నప్పుడు తినాలంటారు. రెండో పూట భాగాలు చల్లారిపోయాయి, అయినా ఫిర్యాదు లేదు.

ఫిర్యాదు ఆఖరి రోజుది. రాత్రికి నాలుగు యూరోల నగరం పన్ను కట్టించుకున్న హాస్టల్లో, స్నానానికి వెళ్ళబోతుంటే తువ్వాలు తెచ్చుకోలేదని గుర్తొచ్చింది. రిసెప్షన్‌లో అమ్మాయికి ఒళ్ళు తుడుచుకుంటున్నట్టు అభినయించి చూపించాను.

"ఆ, తువాల్య!" అంది.

నాకు ఒళ్ళు పులకరించింది. మా తాత భుజం మీద జీవితాంతం ఉన్న మాట అది. ఐదు వందల ఏళ్ళ బంధుత్వం బల్లకు అటూ ఇటూ నిలబడి ఒకరినొకరు గుర్తుపట్టినట్టయింది.

"రెండు యూరోలు" అంది.

మాట ఊరికే ఇచ్చారు, గుడ్డకి మాత్రం అద్దె. లుంగీతో తుడుచుకున్నాను.