సవరణ: రోమ్‌లో ఉచిత ఆదివారాల గురించి

మొన్నటి రోమ్ పోస్టులో "నెలలో ఒక ఆదివారం టికెట్ లేకుండా చూడొచ్చు" అన్న వాక్యాన్ని అన్ని చోట్లకీ ఒకే ఆదివారం అని చాలామంది అర్థం చేసుకున్నారు, అది సరిచేస్తున్నాను. కొలోసియం, పాంథియాన్ (పాత రోమన్ గుడి) లాంటివి ఇటలీ ప్రభుత్వానివి, వాటికి నెలలో మొదటి ఆదివారం ఉచితం. వాటికన్ రోమ్ లోపలే ఉన్నా వేరే దేశం, అందుకే దాని మ్యూజియంలది వేరే లెక్క: మామూలు ఆదివారాలు మూసే ఉంటాయి, నెలలో చివరి ఆదివారం మాత్రం ఉచితంగా తెరుస్తారు, అదీ మధ్యాహ్నం పన్నెండున్నర లోపే లోపలికి వెళ్లాలి. మైకెలాంజెలో పైకప్పు బొమ్మలున్న సిస్టీన్ చాపెల్ ఈ మ్యూజియంల లోపలే ఉంది. వాటికన్‌లోని పెద్ద చర్చి సెయింట్ పీటర్స్ బసిలికాకి మాత్రం ఎప్పుడూ టికెట్ లేదు, భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి, అంతే.

పాంథియాన్‌కి 2023 జులై నుంచి మామూలు రోజుల్లో టికెట్ ఉంది, పాత బ్లాగుల్లో "ఫ్రీ" అని ఉంటే నమ్మకండి. కానీ డబ్బు కోసం దాన్ని వదులుకోవద్దు. దాదాపు 43 మీటర్ల వెడల్పున్న గుమ్మటం, దాని నడినెత్తిన గుండ్రటి రంధ్రం. వాన పడితే నీళ్లు నేరుగా లోపలికే పడతాయి, కాస్త వాలుగా ఉన్న నేలలోని చిన్న చిన్న కన్నాల గుండా పోతాయి. వాన రోజైతే ముందు అక్కడికే వెళ్లండి!