బొమ్మల పుస్తకానికి జిల్లా హోదా

కామిక్కుకీ గ్రాఫిక్ నవలకీ తేడా తెలియనివాళ్లు ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఇంకా మిగిలి ఉన్నారు. రెండూ బొమ్మలే కదా అంటారు. గంజాం, గజపతి రెండూ ఒకటే కదా అని కలెక్టరాఫీసుకెళ్లి అనమనండి చూద్దాం! 1992 అక్టోబరు 2న గంజాం నుంచి విడదీసి మాకు గజపతి అని వేరే జిల్లా ఇచ్చారు. మర్నాడు చూస్తే అదే మహేంద్రతనయ నది, అవే దోమలు. అయినా హోదా హోదాయే.

ఆ ఏడాదే అమెరికాలో ఆర్ట్ స్పీగెల్మన్ గీసి రాసిన గ్రాఫిక్ నవల ‘మౌస్’కి ప్రత్యేక పులిట్జర్ బహుమతి ఇచ్చారు. నాజీల శిబిరం నుంచి బతికి బయటపడ్డ తండ్రి కథ అది. యూదులు ఎలుకలు, నాజీలు పిల్లులు. ఒక పెద్ద పత్రిక దాన్ని కల్పనల జాబితాలో వేస్తే, ఇది నిజకథ మహాప్రభో అని ఆయన ఉత్తరం రాసి మార్పించుకోవాల్సి వచ్చింది.

పండితుల లెక్క ప్రకారం కామిక్కు నెలనెలా వస్తుంది, హీరోకి వయసు పెరగదు, చచ్చినా మళ్లీ లేస్తాడు. గ్రాఫిక్ నవలకి మొదలూ తుదీ ఉంటాయి, మనుషులు ముసలివాళ్లై పోతారు. బాగుంది. కానీ గ్రాఫిక్ నవలగా పేరుపడ్డ ‘వాచ్‌మెన్’ 1986, 87ల్లో 12 విడి సంచికలుగా, పిన్నులు కొట్టిన కామిక్కుగానే వచ్చింది. తర్వాత కలిపి కుట్టారు. ఆ కుట్టేటప్పుడు సాహిత్యం ఏ పేజీ సందులోంచి లోపలికి దూరిందో పరిశోధన జరగాలి. అమెరికా కామిక్కుల రచయిత విల్ ఐస్నర్ 1978లో తన పుస్తకం అట్ట మీద ‘గ్రాఫిక్ నవల’ అని వేయించాడు. లోపల ఉన్నవి నాలుగు కథలు. అట్టని నమ్మాలి గానీ లోపలికి తొంగిచూడటం మర్యాద కాదు.

మా మేనల్లుడు ‘భీమాయన’ కొన్నాడు. “చెయ్యి కడుక్కుని ముట్టుకోండి మావయ్యా, ఇది కామిక్కు కాదు” అన్నాడు. అంబేద్కర్ జీవితం. అదే జీవితం అమర్ చిత్ర కథలో వచ్చినప్పుడు ఎవరూ ఎవర్నీ చెయ్యి కడుక్కోమనలేదు. సరే, కడుక్కుని చూశాను. దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ పర్ధాన్ గోండు గిరిజనుల పద్ధతిలో గీశారు. కామిక్కులో బొమ్మ చుట్టూ ఉండే గడులే లేవు. రైలు పాములా పాకుతోంది. మంచిమాట పిట్ట ఆకారపు బుడగలో ఉంది, విషపు మాట బుడగకి తేలు కొండి. తీసిపారేద్దామని చూశాను గానీ, నిజం చెప్పొద్దూ, ఆ కొండి దగ్గర ఆగిపోయాను. ఎవడెలాంటివాడో మాట చదవకముందే తెలిసిపోతోంది.

ఇలాంటివి చూసి మెత్తబడకూడదు. అసలే ఈ ఊరి చరిత్ర మంచిది కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడే పాఠాలు చెప్పుకుంటూ సవర భాష నేర్చుకున్నారు. ఊరుకోక, జనం మాట్లాడే తెలుగు రాతకి పనికొస్తుందని పండితులతో తగువేసుకున్నారు. పనికొచ్చింది కూడా. రేపు పిన్ను పుస్తకానికీ అదే గతి పడితే గట్టి అట్టల పరువేం కావాలి?

అందుకే నేనొక నియమం పెట్టాను: వెల అయిదువందల రూపాయలు దాటితే సాహిత్యం, లోపైతే కామిక్కు. అంతా సవ్యంగా నడుస్తుండగా మేనల్లుడు మా కొండల్లోని సవర ఇళ్ల గోడలు చూపించాడు. ఇడితాల్ బొమ్మలు. పితరుల కోసం వేసినవి. ఏనుగులు, గుర్రాలు, వాటి పక్కనే బస్సు, విమానం. వీటికీ గడులు లేవు. “మరి ఇది ఏ కోవలోకి వస్తుంది మావయ్యా?” అన్నాడు.

నిర్ణయం వాయిదా వేశాను. గోడకి అట్ట వేయించే మార్గం దొరికాక చూద్దాం.