బస్సు వెళ్లింది, బంపర్ మిగిలింది

మా బావమరిది మంచం మీద పరుపు ఎత్తితే కింద ఇంజన్ కనిపిస్తుంది. వెనక ఇంజన్ ఉన్న పాత టూరిస్టు బస్సు కొని, సీట్లు పీకించి, విజయనగరంలో ఓ షెడ్డులో ఇల్లులా చేయించాడు. అమెరికాలో డీజిల్ పుషర్ అనే మోటార్‌హోమ్‌లు ఇలాగే ఉంటాయి. ఇంజన్ వెనక ఇరుసు దాటాక కూర్చుని బండిని నెడుతుంది, పడకగది దాని మీదే. డ్రైవర్ దగ్గర చప్పుడుండదు. ఆ చప్పుడంతా వాళ్లావిడ తలగడ కిందికి చేరింది, అది వేరే సంగతి.

అక్కడితో ఆగినా బాగుండేది. అమెరికా వాళ్లు బస్సు వెనక కారు కూడా కట్టుకుని పోతారని వీడియోలో చూశాడు. "పెద్ద బళ్లయితే పదివేల పౌండ్లు లాగుతాయి బావా, అంటే నాలుగున్నర టన్నులు!" అన్నాడు. మా పాత కారు టన్ను కూడా ఉండదు. అవును, కారు నాదే.

గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపులో బస్సు వెనక బంపర్‌కి కొక్కెం అతికించి, కారు ముక్కుకి ఇనుప బార్ బిగించారు. జాగ్రత్తకని గొలుసు కూడా వేశారు. అదీ బంపర్‌కే.

ఆదివారం పొద్దున్న రామతీర్థం రోడ్డు మీద ట్రయల్. "కట్టిన కార్లో ఎవరూ కూర్చోరు, అదే పద్ధతి" అన్నాడు బావమరిది. "ఖాళీగా వదిలేస్తారేటండీ, మీరు కూర్చోండి" అంది మా ఆవిడ. నేనెవరి మాట విన్నానో చెప్పక్కర్లేదు కదా.

ఎదురుగా గోడలా బస్సు వీపు. జాలీలోంచి వేడిగాలి నేరుగా నా మొహానికి. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆ తోక సిరిమానులా లేచి దిగేసరికి, నా కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. ఇరవయ్యేళ్ల అలవాటు. టప్పుమని ఓ చప్పుడు.

బస్సు వెళ్లిపోయింది. బంపర్ మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

రెండు నిమిషాలకి ఫోను. "ఎలా ఉంది బావా, మెత్తగా వస్తోందా?"

"చాలా మెత్తగా ఉందిరా. కుదుపన్నదే లేదు. కదిలితే కదా!"

ఓ లారీ మెకానిక్‌ని పిలిచాం. బస్సు కిందకి దూరి, నవ్వుకుంటూ బయటికొచ్చాడు. "బంపర్ ఏటుందండి బాబూ, అది మూత. కొక్కేనికి దన్ను ఛాసిస్ కదా, బండికి వెన్నెముక అదే. దీనికి ఆ చోట ఇంజన్ అడ్డంగా కూకుంది. దానికి అటో దూలం ఇటో దూలం తీసి, ముందున్న ఛాసిస్‌కి బోల్టులు బిగించాల." అమెరికా బళ్లలోనూ అంతే. కొక్కెం బలమంతా ఇంజన్ పక్కల నుంచి వెళ్లి ఛాసిస్‌ని పట్టుకున్న చట్రానిదే. పైగా బస్సు బ్రేకు వేస్తే కారు బ్రేకు కూడా పడేలా విడిగా ఏర్పాటుంటుంది.

ఆ ముక్క వీడియోలో లేదా అని అడిగితే, "బోర్ కొట్టి ముందుకి జరిపేశాను బావా" అన్నాడు.

పిన్ను వంగిపోవడంతో బంపర్ నుంచి బార్ ఊడి రాలేదు. బంపర్‌ని బానెట్ మీదకెత్తి తాడుతో కట్టాం. కారు కంటే అదే వెడల్పు. కోట జంక్షన్‌లో కానిస్టేబుల్ ఆపాడు. కారు నంబరు చూశాడు, దానిపైన బంపర్ మీదున్న ఇంకో నంబరు చూశాడు, నన్ను చూశాడు.

"ఈ నంబరు బస్సుది కదా. బస్సేదండీ?"

"వెనకాలే వస్తోందండి" అన్నాను.