లివర్‌పూల్ రోడ్ స్టేషన్ తాతగారికి, సికింద్రాబాద్ నుంచి

మహారాజశ్రీ మాంచెస్టర్ లివర్‌పూల్ రోడ్ స్టేషన్ తాతగారికి,

సికింద్రాబాద్ నుంచి ఒక ప్రయాణికుడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. స్టేషనే లేదు. అంటే, ఉంది. బళ్లు వస్తున్నాయి, పోతున్నాయి. ముందున్న ఆర్చీల భవనాన్ని మాత్రం 2025లో పడగొట్టారు. ఆ జాగాలో కొత్తది కడుతున్నారు. ఎయిర్‌పోర్టులా ఉంటుందట. రైల్వే స్టేషన్ రైల్వే స్టేషన్‌లా ఉంటే నామోషీ అని మొదట ఎవరికి తోచిందో గానీ, వారికి ఒక దండం.

మీ చరిత్ర చదివాక, నిజం చెప్పొద్దూ, కుళ్లు పుట్టింది. 1830 సెప్టెంబర్ 15న తలుపులు తీశారు. లివర్‌పూల్, మాంచెస్టర్ నగరాల మధ్య నడిచిన మీ లైను సామాన్యమైనదా? రెండు నగరాల మధ్య ఆవిరి ఇంజన్లతో, టైమ్‌టేబుల్ పెట్టి జనాన్ని తిప్పిన మొదటి లైనుకు ఇటు చివరి స్టేషన్ మీరు. 1844 మే వచ్చేసరికి ప్రయాణికులను అదే ఊళ్లో హంట్స్ బ్యాంక్ అనే చోట కట్టిన కొత్త స్టేషన్‌కు తరలించేశారు. నిండా 14 ఏళ్ల సర్వీసు లేదు! మా కాలనీలో ఒక మ్యాన్‌హోల్ మూత అంతకంటే ఎక్కువ కాలంగా రిపేర్‌లో ఉంది. ఆ తర్వాత 1975 దాకా గూడ్స్ మూటలు చూసుకుంటూ మూలన కూర్చున్నారు. చివరికి మిమ్మల్ని ఒకే ఒక్క పౌండుకు అక్కడి కౌన్సిల్ చేతిలో పెట్టారు. మా స్టేషన్ ముందు ఆటో ఎక్కి తార్నాక అన్నా అంతకంటే ఎక్కువే అడుగుతారు. అయినా 1983లో మ్యూజియం అయిపోయారు.

మీ ప్రారంభోత్సవం కూడా మామూలుగా జరగలేదు కదా. దారిలో పార్క్‌సైడ్ దగ్గర ఇంజను నీళ్ల కోసం బండి ఆపారు. దిగొద్దని చెప్పినా పెద్దమనుషులు దిగారు, మనవాళ్లు కాజీపేటలో నీళ్ల సీసా కోసం దిగినట్టు. హస్కిసన్ అనే ఎంపీ ప్రధానమంత్రి పెట్టె దగ్గరికి వెళ్లి చెయ్యి కలిపాడు. ఇద్దరికీ పాత పేచీ ఉండేది. అంతలో పక్క పట్టా మీద ‘రాకెట్’ అనే ఇంజను వచ్చి గుద్దేసింది. పాపం, ఆ రాత్రికే పోయాడు. ఆ ప్రధాని, వెల్లింగ్టన్ ప్రభువు, మాంచెస్టర్ దాకా వచ్చి, మీ గుమ్మం ముందు మండిపడుతున్న జనాన్ని చూసి బండి దిగనే లేదు. ఈ విషయంలో మేము మీకంటే ముందున్నాం తాతగారూ. మా చెర్లపల్లి టెర్మినల్‌ను 2025 జనవరిలో ప్రధాని వీడియోలోనే ప్రారంభించారు. బండి దిగాలా వద్దా అనే టెన్షనే లేదు.

మీకు రెండు గుమ్మాలట. మొదటి తరగతికి ఒకటి, రెండో తరగతికి ఇంకొకటి. ఎవరి టికెట్ గది వారిది, ఎవరి మెట్లు వారివి. పట్టాలు పై అంతస్తు ఎత్తున ఉన్నాయి కాబట్టి అందరూ మెట్లెక్కాల్సిందే, కాకపోతే ఒకరి మొహం ఒకరు చూడకుండా ఎక్కాలి. పెద్దవాళ్ల గుమ్మం మీద ఒక నీడగడియారం కూడా పెట్టారు. మాంచెస్టర్‌లో! ఎండ కోసం గొడుగు కింద నిలబడి ఎదురుచూసే ఊళ్లో! మా దగ్గర టైము చెప్పే పని మైకుది. ‘దయచేసి వినండి’ అని మొదలుపెట్టి ‘చింతిస్తున్నాము’ అని ముగించే లోపల బండి పేరు ఎవరికీ వినపడదు. ఆ చింత మాత్రం మూడు భాషల్లో వినపడుతుంది.

ఇక మా ఇంటి సంగతి. సికింద్రాబాద్‌కు మొదటి బండి 1874లో వచ్చింది, ఇప్పటి కర్ణాటకలో ఉన్న వాడి జంక్షన్ నుంచి. మీకంటే 44 ఏళ్లు చిన్నది. తర్వాత ఆ లైను కోసం లండన్‌లో కంపెనీ పెట్టారు. పేరు ‘నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే’. గ్యారంటీ అంటే బండి టైముకు వస్తుందని కాదండీ, అక్కడి వాటాదారులకు వడ్డీ టైముకు వస్తుందని. నూటికి 5 చొప్పున, 20 ఏళ్లు, నిజాం ఖజానా నుంచి. ‘ఈ ఒప్పందంలో ఏముందో మాకూ చెప్పండి’ అని 1883లో కొందరు అడిగారు. వారిలో అఘోరనాథ చటోపాధ్యాయ అనే ప్రొఫెసర్‌ను ఊళ్లోంచే పంపించేశారు. సరోజినీ నాయుడి తండ్రి ఆయనే. తర్వాత తిరిగొచ్చారు లెండి. ఆయన ఉన్న గోల్డెన్ థ్రెషోల్డ్ ఇల్లు ఇప్పటికీ నాంపల్లి స్టేషన్ రోడ్డులోనే ఉంది. రైలు గురించి అడిగి ఊరు దాటించబడిన మనిషి ఇంటి ముందు నుంచే జనం సూట్‌కేసులు ఈడ్చుకుంటూ రైలుకు పరిగెడతారు. తల పక్కకు తిప్పి చూసినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు మావాళ్లు. మిమ్మల్ని చూస్తే ఆ సామెత స్టేషన్లకూ వర్తిస్తుందనిపిస్తోంది. మీరు తొందరగా పనికిరాకుండా పోయారు కాబట్టి మీ రెండు గుమ్మాలూ, ఎండ పడని నీడగడియారమూ మిగిలాయి. ఎవరికీ మిమ్మల్ని పెంచాల్సిన అవసరం రాలేదు. మా భవనం చేసిన తప్పల్లా రోజూ పనిచేయడం. జనం పెరిగారు, బళ్లు పెరిగాయి, ఎస్కలేటర్ కావాలన్నారు. అలా కావాలన్నవాళ్లలో నేనూ ఉన్నాను, మా అమ్మ మోకాళ్ల సాక్షిగా. అందుకే బుల్డోజర్ వచ్చిన రోజు గట్టిగా తిట్టలేకపోయాను. రేకుల అడ్డుగోడకు ఉన్న సందులోంచి కన్ను పెట్టి చూశాను. సగం విరిగిన ఆర్చీ కింద ఒక కూలీ టిఫిన్ డబ్బా విప్పుకుని పచ్చిపులుసన్నం తింటున్నాడు. నీడ బాగానే ఉందక్కడ.

కొన్ని బళ్లను చెర్లపల్లికి మార్చారు, మిమ్మల్ని కాదని హంట్స్ బ్యాంక్‌కు మార్చినట్టే. మా ఇంటి నుంచి అక్కడికి వెళ్లే టైములో రైలు కాజీపేట చేరుతుంది. ఇవాళ నాదీ అక్కడి బండే. ఆటో వచ్చింది, ఉంటాను.

తా.క.: ఉత్తరం మడుస్తుంటే ఆటో అతను, ‘సార్, బుక్ చేసింది సికింద్రాబాద్ కదా, చెర్లపల్లి అంటే ఎక్స్‌ట్రా అవుతుంది’ అంటున్నాడు. మీ పౌండు లెక్కన ఇప్పటికి నాలుగు స్టేషన్ల ధర చెప్పాడు. బేరం నడుస్తోంది.