ఏసీ గార్డ్స్‌లో ఏసీ అంటే ఏంటో తెలుసా?

మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు ఫ్లాట్ నెల నుంచి ఖాళీ. మొన్న సుడాన్ నుంచి వచ్చి హైదరాబాద్‌లో చదువుకుంటున్న కుర్రాళ్ళు ఇద్దరు చూడటానికొచ్చారు. వాచ్‌మన్‌కి నమస్తే పెట్టి, చెప్పులు గుమ్మం బయటే విప్పి లోపలికెళ్ళారు. వాళ్ళింకా మెట్లు దిగకముందే వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్: "నల్లోళ్ళకిస్తున్నారా? ఫ్యామిలీలుండే బిల్డింగండీ ఇది!"

పెట్టిన పెద్దాయనంటే నాకు గౌరవమే. ఆయన కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లో, బార్‌లో స్నేహితుడితో కూర్చున్న కూచిభొట్ల శ్రీనివాస్‌ని "నా దేశం నుంచి పో" అని అరిచి కాల్చి చంపినప్పుడు ఈయనకి నిద్రపట్టలేదు. లిఫ్ట్ దగ్గర కనిపించి "ఒంటిరంగు చూసి చంపేస్తారామ్మా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అదే ప్రశ్న మొన్న గ్రూప్‌లో అడుగుదామని టైప్ చేశా. చెరిపేశా. అదీ నా ధైర్యం.

కాలం మారిందంటారు. మాటలైతే మారాయి. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ కాస్తా గ్లో అండ్ లవ్లీ అయింది. మా పిన్ని కూడా ఇప్పుడు తెల్లటి అమ్మాయి కావాలనదు, "కాస్త కళగా ఉంటే చాలే" అంటుంది. చామనచాయ పిల్లల ఫొటోలు మాత్రం ఇదివరకటిలాగే పక్కకెళ్తాయి. 2023లో సియాటెల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేయాల్సొచ్చిందంటే, ఆవకాయ జాడీతో పాటు మనవాళ్ళు ఇంకేం మోసుకెళ్ళారో ఆలోచించండి.

అసలు ఆఫ్రికావాళ్ళు ఈ ఊరికి కొత్తా? నిజాం దగ్గర ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని అశ్వదళం ఉండేది. వాళ్ళున్న పేటే ఏసీ గార్డ్స్. కూలర్లూ ఏసీలూ కాదు, బాబూ! సిద్దీలని పిలిచే ఆ ఆఫ్రికావాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ అక్కడున్నారు. హైదరాబాద్ పెళ్ళిళ్ళలో మోగే మార్ఫా కూడా యెమెన్ అరబ్బులూ ఈ సిద్దీలూ తెచ్చిందే. పోయినేడాది మా సెల్లార్‌లో బరాత్ దిగినప్పుడు ఆ మార్ఫాకి అందరికన్నా ముందు చిందేసింది ఎవరనుకున్నారు? మన పెద్దాయనే. మోకాళ్ళ నొప్పులు కూడా మర్చిపోయారు.

ఫ్లాట్ ఇంకా ఖాళీగానే ఉంది. టులెట్ బోర్డు కింద మార్కర్‌తో "ఫ్యామిలీస్ ఓన్లీ" అని కొత్తగా రాశారు.

నిన్న సాయంత్రం వాచ్‌మన్ అడిగాడు: "ఆ నమస్తే బాబులు మళ్ళీ ఫోన్ చేశారు మేడం, ఏం చెప్పమంటారు?"

ఓనర్‌ని అడగమన్నాను.