కందిపప్పు రెండు కిలోలు, కమలిని ఉత్తరం

మా ఆయన మాట్లాడేది తెలుగే, కోప్పడేది తెలుగే, నిద్రలో కలవరించేదీ తెలుగే, కానీ చదవడం మాత్రం రాదు. ఒడిశాలోని పర్లాకిమిడి మాది, మా వీధి మగవాళ్ళు చాలామంది ఇంతే, బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. సినిమా పోస్టరు మీద హీరో మొహం చూసి సినిమా పేరు టకీమని చెప్పేస్తాడు కాబట్టి పెళ్ళైన కొత్తలో నాకు ఈ సంగతి తెలియనే లేదు. అందుకని సరుకులు కావాలంటే నేను చీటీ రాసి ఉప్పు డబ్బా కింద పెడతాను, ఆయన మడత కూడా విప్పకుండా పట్టుకెళ్ళి కొట్టు బాబాయికి ఇస్తాడు, బాబాయి కళ్ళజోడు సవరించుకుని పైకి చదువుతుంటే కుర్రాడు పొట్లాలు కడతాడు. పన్నెండేళ్ళుగా ఇలాగే నడిచింది. మొన్న ఆదివారం దాకా.

ఆ సాయంత్రం కథలు రాసుకునేవాళ్ళం ఏడెనిమిది మందిమి ఒక స్నేహితురాలి ఇంట్లో కలిశాం. ఎవరికి వాళ్ళు ప్రాణం పెట్టే కథ ఒకటి ఎంచుకుని, అది ఎందుకు నచ్చిందో పది నిమిషాల్లో చెప్పాలి. నేను గురజాడ 'దిద్దుబాటు' ఎంచుకున్నాను. 1910 నాటి కథ, అందరూ చదివిందే, అయినా నాకు దాని మీద మోజు తీరదు. మొగుడు రాత్రి ఒంటిగంటకి ఇంటికొచ్చి తలుపు కొడతాడు, పెళ్ళాం ఉండదు, ఉత్తరం ఉంటుంది, ఇక కథంతా ఆయనగారూ నౌకరు రాముడూనే. కమలిని మనకు కనపడదు. ముందు ఉత్తరంగా వస్తుంది, ఆఖర్న మంచం కింద నుంచి నవ్వుగా వస్తుంది. మనిషిని చూపించకుండా మనిషిని ఇంతగా నిలబెట్టడం నావల్ల ఇప్పటిదాకా కాలేదు, ప్రయత్నించిన కథలు మూడూ తిరిగొచ్చాయి.

ఊరికే చెబితే ఏం బాగుంటుంది, కమలిని ఈ రోజుల్లో ఉంటే ఎలా రాసేదో రాసి చదువుదామని నాకో బుద్ధి పుట్టింది. "ఇన్నాళ్ళూ మీ సంతోషానికి నేనే అడ్డు. రాత్రుళ్ళు మీరు ఎక్కడికి వెళ్తున్నారో నాకు తెలుసు. నేను పుట్టింటికి పోతున్నాను, వెతక్కండి" అని మొదలుపెట్టి ఒక పేజీ నింపాను. బాగా కుదిరింది, రాస్తూ రాస్తూ కళ్ళు కూడా చెమర్చాయి. మడిచాను. పక్కనే సరుకుల చీటీ, అదీ మడిచాను. రెండూ ఒకే నోటుపుస్తకంలోంచి చింపిన కాగితాలు.

అక్కడ సభ, అంటే సభ అంటే అదే లెండి, మిక్చరు పళ్ళెం చుట్టూ మేము, జోరుగా సాగుతోంది. మాలో ఒకాయన ఏటా 'గాలివాన' గురించే మాట్లాడతాడు, పాలగుమ్మి పద్మరాజుకి 1952లో ప్రపంచ కథల పోటీలో వచ్చిన రెండో బహుమతి తన చేతికే ఇచ్చినట్టు చెబుతాడు. ఒడియాలో రాసే స్నేహితురాలు ఫకీర్ మోహన్ సేనాపతి 'రేవతి' చెప్పింది. 1898లో, చదువుకోవాలన్న ఆడపిల్ల మీద రాసిన కథ. ఇంట్లో ఏ కష్టమొచ్చినా రేవతి చదువు వల్లేనని ముసలమ్మ తిట్టిపోసే చోట మేమందరం మిక్చరు నమలడం ఆపేశాం. ఆ తర్వాత మామూలే, తెలుగులో మొదటి కథ 'దిద్దుబాటు'నా, 1902లో వచ్చిన భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి'నా అని అరగంట కొట్లాట.

నా వంతు వచ్చింది. గొంతు సవరించుకుని, "కమలిని ఉత్తరం వినండి" అని కాగితం విప్పాను.

కందిపప్పు రెండు కిలోలు. ఎండుమిరప పావు. ఇంగువ డబ్బీ చిన్నది.

నిజం చెప్పాలంటే అప్పుడే లేచి ఇంటికి పరిగెత్తాలి. కానీ ఏడాదికోసారి దొరికే పది నిమిషాలు కదా. ఉత్తరం నోటికే వచ్చు, అప్పజెప్పేశాను, చప్పట్లు కొట్టించుకున్నాను, అప్పుడు ఫోను తీశాను. సైలెంటులో ఉంది. పదిహేడు మిస్డ్ కాల్స్.

ఇంటికొచ్చేసరికి తలుపు తాళం. కొడితే పలికే దిక్కులేదు. అరుగు మీద వీధి వీధంతా ఉంది. పక్కింటి మావుసీకి తెలుగు అంతంతమాత్రం, "కొణొ హెలా, కొణొ హెలా" అంటూ ఏమైందని ఒడియాలో అందరినీ అడిగి, ఎవరూ చెప్పకపోయేసరికి ఎవరో పోయారనుకుని ఏడుస్తోంది. టెక్కలి నుంచి మా తమ్ముడు బైకు మీద వచ్చేశాడు. "అక్కా, నువ్వు ఇంటికి రాలేదేటని అమ్మ ఏడుపు, ఇక్కడేమో బావ లేడు" అన్నాడు. బావ ఎక్కడంటే రైల్వే స్టేషనులో. ఆ వేళకి రైలే లేదు, అయినా ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతున్నాడట.

అరుగు మీద మా తెలుగు మాస్టారు కూడా ఉన్నారు, రిటైరై పదేళ్ళయింది. ఉత్తరం ఆయన చేతిలోనే ఉంది. "రెండో లైనుకే గురజాడ వాసన కొట్టిందమ్మా" అన్నారు తాపీగా. "మరి చెప్పొచ్చు కదండీ!" అంటే, "ఎవరు వింటారు?" అన్నారు. ఆ పైన ఇంకో మాట కూడా అన్నారు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి ఈ ఊళ్ళోనే కదా పాఠాలు చెప్పింది, తప్పంతా ఆయనదే, నువ్వీ ఉత్తరం గ్రాంథికంలో రాసుంటే మీ ఆయన ఇది విని టెన్షన్ పడేవాడా అని. పడడు. సత్యనారాయణ వ్రతకథ అనుకుని కొబ్బరికాయ తెచ్చేవాడు.

మా ఆయన తొమ్మిదింటికి వచ్చాడు. నన్ను చూసి ఏమీ అనలేదు, వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాడు. అన్నం తిన్నాక, "ఇకనుంచి చీటీ ఒడియాలో రాయి" అని మాత్రం అన్నాడు.

మర్నాడు సరుకులకి నేనే వెళ్ళాను. కొట్టు బాబాయి పప్పు తూస్తూ తూస్తూ ఆగి, "చదివింది నేనే కదమ్మా, పాపం కొట్టుకుంటోంది, నీకు చెప్పాలి" అన్నాడు. నలుగురు బేరగాళ్ళ ముందు, కందిపప్పే అనుకుని గట్టిగా మొదలెట్టాడట. 'రాత్రుళ్ళు మీరు ఎక్కడికి వెళ్తున్నారో నాకు తెలుసు' అన్న చోటికి రాగానే మా ఆయన కొట్టు బల్ల పట్టుకున్నాడట.

"ఎవరూ ఏటీ అడగనేలేదమ్మా. తనే అన్నాడు. రోజూ కాదు బాబాయ్, శనివారం శనివారమే, అదీ పేకాటే అని."

శనివారాలు ఆఫీసులో లెక్కలు తేలడం లేదని చెప్పేవాడు నాకు.